పియానో తాత ఢావ్లో

భద్రాచలం,
8 ఆగస్టు 2004

ప్రేమగల మా అమ్మకు, యాడికి,

తమ్ముడు కోటేష్ ఈ ఉత్తరం నీకు చదివి వినిపించే సరికి నేను పుణెలో ఉంటా. కాల్ సెంటర్‌లో ఉద్యోగం వచ్చింది. వచ్చే ఆదివారం రైలు. స్టేషన్‌కు బస్సెక్కేటప్పుడు దీన్ని పోస్టు డబ్బాలో వేస్తా.

తండాకు రాకుండా పోతున్నానని కోపం తెచ్చుకోకు. వస్తే ఏమవుతుందో తెలుసు కదా. పోయినేడు హైదరాబాద్‌లో పీజీ సీటు వచ్చినప్పుడు, బస్సు ముందే నా మెడ చుట్టూ చేతులు వేసి, మన సాగనంపే ఏడుపుపాట ఢావ్లో ఎత్తుకున్నావు. నాకు చిన్నప్పుడు అమ్మవారు పోసిన సంగతి నుంచి అన్నీ పాటలోకి తెచ్చి ఏడ్చావు. కండక్టర్ బెదిరిపోయి, "ఎవరు పోయిండ్రమ్మా?" అన్నాడు. "నా బిడ్డె పోతాంది, సదువుకు" అన్నావు. బస్సంతా నవ్వింది. నువ్వు చేతులు వదల్లేదు. నేను సంచి దించేశా. సీటు పోయింది. ఆ బాధ నీకు ఎన్నడూ చెప్పలేదు.

నేను పనిచేసే పియానో తాత కాజిమీర్ గారిది పోలండ్. ఇక్కడి దవాఖానాలో డాక్టరుగా ఉన్న భార్య చనిపోయాక కూడా గోదారి ఒడ్డు వదల్లేదు. ఆయన జీవితకథ చెబుతుంటే నేను టైపు చేస్తున్నా. యుద్ధం అయిపోయిన కొత్తలో, కుర్రవాడిగా, తల్లి రొట్టె కోసం బజారుకు పోయిన సమయం చూసి ఇల్లు దాటాడట. ఓడల్లో వాయించాడు, లండన్‌లో కచేరీలు చేశాడు, సొంతంగా సంగీతం కట్టాడు. చెప్పకుండా వచ్చాడు కాబట్టే అంతదూరం పోగలిగాడు. నేనూ అంతే. బస్సు మన తండా రోడ్డు మీదుగానే పోతుంది. అవతలి కిటికీ పక్కన కూర్చుంటా.

నీ ద్వాలి

భద్రాచలం,
10 ఆగస్టు

యాడీ,

మొదటి ఉత్తరం పోస్టు చెయ్యలేదు. రెండూ ఒకే కవరులో పెడుతున్నా.

నిన్న నా ఉపాయం తాతకు గొప్పగా చెప్పా. వానల చెమ్మకు మీటలు బిగుసుకోకుండా ఆయన పియానో లోపల బల్బు వెలిగించి పెడతాడు. దాన్ని బయటికి తీస్తూ, కూరగాయల బజార్లో నేర్చుకున్న తెలుగులో, "గంత భయపడే ఏడుపేందే? ఓపారి ఏడువు, ఇంటా" అన్నాడు. నవ్వులాటకు నీలాగే ఎత్తుకున్నా. పియానో మీద ఆయన వేళ్లు నా గొంతు వెంటే నడిచాయి. నువ్వు ఊపిరి తీసుకునే చోట ఆపేశా.

"ఆగినవేంది?"

"ఇక్కడ బిడ్డ జవాబు పాడుతూ ఏడవాలి తాతా. అప్పుడే తల్లి మెడ వదులుతుంది."

"మరి నువ్వు ఏడ్చినవా?"

లేదు. సిగ్గుతో నోరు మూసుకుని నిలబడ్డా. నన్ను పోనివ్వలేదని ఏడాదిగా నీమీద కోపం. నువ్వు పట్టుకున్నది నా జవాబు కోసమని అప్పుడు తట్టింది.

తాత తను కట్టిన బాణీల చివరలు వరుసగా వాయించాడు. అన్నీ మధ్యలోనే తెగిపోతాయి యాడీ.

"గిది కొత్త పద్ధతని లండన్ల పేపర్లు రాసినయ్. కొత్తా లేదు, పాడూ లేదు. మా అమ్మ రొట్టె పట్టుకొని ఇంకా గుమ్మంలనే నిలబడ్డది" అన్నాడు.

శుక్రవారం వస్తున్నా. ఆదివారం రైలుకు తండా నుంచే పోతా. ఈసారి సంచి దించను. తాత కూడా వస్తాడట. "మగోళ్లకు ఏడుస్తరా మీ తాన?" అని అడిగాడు. తోడబుట్టినవాళ్లకైతే ఏడుస్తారని చెప్పా. ఆయన్ని నీకు అన్న అనుకో. ఆయనకూ జవాబు పాట నేర్పుతున్నా, గొంతు బొంగురు గానీ మాట తప్పడం లేదు.

జొన్నరొట్టెలు చెయ్యి. మేము దిగేసరికి చేతిలో రొట్టెతో గుమ్మంలో ఉండు.

జవాబు తెస్తున్న
నీ ద్వాలి