అటక మీద ఇంక దూది పరచకు

అర్వో, చలి ఆగడానికి నువ్వు తెచ్చి షెడ్డులో మిగిల్చిన గాజుదూది కట్టలు అటక మీదికి ఎక్కించకు. పొద్దున ఇంటికప్పులు వేసే కాంగాస్ వచ్చి చూశాడు. కప్పు కింది చెక్క పలక మీద వేలు నొక్కితే లోపలికి దిగిపోయింది.

"చూరు కింద గాలి ఆడే కంతలన్నీ మీ ఆయన దూదితో మూసేశాడమ్మా. స్నానాల గది ఫ్యానేమో ఆవిరంతా అటకలోకే వదులుతోంది. అది చలికి గడ్డకట్టి, కాస్త ఎండ రాగానే కరిగి కారుతోంది," అన్నాడు. ముందు ఫ్యాను గొట్టం కప్పు బయటికి పెట్టి, సీలింగు దీపాల చుట్టూ సందులు పూడ్చి, ఆ తర్వాతే దూది పరవాలట. ఇప్పుడవన్నీ చేసినా ఈ పలకలు దక్కవట.

పిల్లకి పిల్లికూతలు తగ్గలేదు. బూజు పట్టిన ఇంట్లో ఉంచొద్దన్నాడు డాక్టరు. ఐలీని తీసుకుని హాన్‌కాక్‌లో మా అక్క దగ్గరికి వెళ్తున్నాను. చేపల సూపు పొయ్యి మీద ఉంది, వేడి చేసుకో.

నిన్ను తిట్టాలనే రాయడానికి కూర్చున్నాను. కానీ ఐలీ గది చలిగా ఉందనే కదా, సెలవులన్నీ అటక మీద పాకుతూ గడిపావు.

ఇర్యా

ఎప్పుడొస్తారని ఫోనులో అడగకు. ఐలీ పక్కనే ఉంటుంది. దానికి వచ్చే నెలే వచ్చేస్తామని చెప్పాను.