చివరి అధ్యాయానికి ముందు

సెప్టెంబరు 14, ఆదివారం

పోలీసుకి,

ఆ రోజు నేను నోరు మూసుకుని కూర్చుని ఉంటే నువ్వు ఇరవై ఏళ్ల ముందే పుస్తకం రాసేదానివా?

ఇలా మొదలుపెట్టడం మర్యాద కాదని తెలుసు. ముందు క్షేమసమాచారాలు అడగాలి. మీ ఆయన మోకాలి నొప్పి తగ్గిందనీ, మీ అమ్మాయి పరీక్షలు గట్టెక్కిందనీ తలుస్తాను. ఇక్కడ మేం కులాసా. మా ఆయన నీ పుస్తకం రెండోసారి చదువుతున్నాడు, పిలిచినా పలకడం లేదు.

మొన్న నీకు మొదటి బహుమతి ఇచ్చిన సభలో అడిగావు కదా, చీటీలో ఎవరి పేరు రాశావే అని. జనం తోసుకుంటుంటే సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

మా కమిటీ పద్ధతి బయటివాళ్లకి పెద్దగా తెలియదు. నేరకథలకిచ్చే ఈ బహుమతులకి, పుస్తకానికైనా సినిమాకైనా, ఒకటే నియమం. పుస్తకమైతే అట్ట తీసేసి, రచయిత పేరు లేకుండా, నంబరు వేసి ఇస్తారు. చివరి అధ్యాయం ఇవ్వరు. సినిమా అయితే ఆఖరి అరగంట ముందు ఆపేసి లైట్లు వేస్తారు. నలుగురం ఎవరికి వాళ్లం హంతకుడెవరో చీటీ మీద రాసి, కవరులో పెట్టి అంటించి గుమాస్తా చేతికివ్వాలి. మిగతాది ఆ తర్వాతే. ఏ ఒక్కరు పట్టుకున్నా ఆ కథకి మొదటి బహుమతి లేనట్టే.

మా అధ్యక్షురాలు పోస్టుమార్టం చేసే డాక్టరుగా రిటైరైనావిడ. వాక్యం నచ్చకపోతే కళ్లజోడు తీసి పక్కన పెట్టేస్తుంది. మాతోపాటు ఒక గ్రంథాలయాధికారి, ఆయన మాట్లాడడు. ఆయన వాటా కూడా కలిపి మాట్లాడే ఫిల్మ్ ఎడిటరు ఒకాయన.

ఈసారి ఒక సినిమా మా అందరికీ తెగ నచ్చింది. ముగ్గురం తప్పు రాశాం, ఎడిటరు ఒక్కడే పట్టేశాడు. ఎలాగండీ అంటే, అంత పేరున్న నటుణ్ణి రెండు నిమిషాలు కాఫీ తాగి వెళ్లిపోవడానికి పిలుస్తారా అమ్మా అన్నాడు. మీరు పట్టుకున్నది కథ చూసి కాదు, పోస్టరు చూసి, ఇది లెక్కలోకి రాదు అని నేను వాదించాను. డాక్టరమ్మ వినలేదు. ఎలా తెలిసినా తెలిసిందే, ఇక కూర్చో అంది. ఆ సినిమాకి బహుమతి పోయింది. తీసినాయన వెనక వరసలో కూర్చుని మిగతా అందరికీ చప్పట్లు కొట్టాడు, చూశావో లేదో.

ఇక నీ పుస్తకం, పదకొండో నంబరు. తాళం వేసిన దర్జీ దుకాణంలో యజమాని శవం, మెడకి కొలతల టేపు. ఇస్త్రీ చేసిన గుడ్డ వాసన కాగితంలోంచి వచ్చింది. పదును పోతుందని తెలియక గుడ్డ కత్తిరించే కత్తెరతో కాగితం కత్తిరించినవాడు దర్జీ కాడని ఒక్క వాక్యంలో తేల్చేశావే, అక్కడ డాక్టరమ్మ కళ్లజోడు తియ్యలేదు సరికదా, మళ్లీ పైకి చదవమంది. చివరి అధ్యాయంలో గుండీలు కుట్టే ఆవిడ తను చేసింది చెబుతుంటే మేం నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. హత్య చేసిన మనిషి మీద అంత జాలి పుట్టించడం ఎక్కడ నేర్చుకున్నావే?

నా చీటీలో యజమాని తమ్ముడి పేరు రాశాను. మిగతా ముగ్గురూ అదే రాశారు. అతణ్ణి అంత ముచ్చటగా ఎరగా వేశావు.

వేదిక మీద నువ్వు మాట్లాడింది రెండో వరసలోంచి విన్నాను. కాలేజీలో నా మొదటి కథ చదువుతుంటే సగంలోనే హంతకుడెవరో అరిచి చెప్పేసిన స్నేహితురాలు ఒకత్తె ఉంది, హాలంతా నవ్వింది, కాగితాలు పెట్టె అడుగున పడేశాను అన్నావు. ఈ పుస్తకంలో హంతకుడు ఆవిడకి దొరక్కూడదని పదిసార్లు తిరగరాశాను, ఆవిడ ఈ కమిటీలోనే ఉందని ఇప్పుడే తెలిసింది, దొరకలేదట అన్నావు. దిగి వచ్చి నా చెయ్యి పట్టుకుని, ఏమే రేడియో, ఈసారి స్టేషను అందలేదా అన్నావు. హాస్టల్లో ఎవరి వస్తువు పోయినా వెతికిపెట్టే నువ్వు పోలీసువి. కడుపులో మాట దాగని నేను రేడియోని. ఇరవై రెండేళ్ల తర్వాత ఆ పేరు నీ నోట విన్నాను. అదే నాకు బహుమతి.

నీ గెలుపుకి నీకంటే ఎక్కువ పొంగిపోతూ,
నీ రేడియో

తా.క. చీటీలో రాసింది తమ్ముడి పేరే. కానీ నేను అనుకున్న పేరు అది కాదు.

రెండో అధ్యాయంలో ఎవరో బల్ల మీద టీ ఒలకబోస్తే, గుండీలు కుట్టే ఆవిడ క్షమించండి అంటుంది. ఒలకబోసింది ఆవిడ కాదు. అక్కడే ఆగిపోయాను. హాస్టల్ డాబా మీద బట్టలు ఆరేస్తూ నువ్వు నాతో అన్నావు, చెయ్యని తప్పుకి క్షమాపణ అడిగే మనిషి చేసిన తప్పేదో దాస్తున్నట్టే అని. నీ మొదటి కథలో వాచ్‌మన్‌ని నేను పట్టుకున్నది కూడా అలాగే. ఈ పుస్తకం నీదని, చంపింది ఆవిడేనని రెండూ ఒక్కసారే తెలిశాయి. ఇది నా స్నేహితురాలి పుస్తకం అని చెప్పి తప్పుకోవాల్సింది. చెప్పలేదు. చీటీ ముందు కూర్చుంటే ఆనాటి హాలులో నవ్వులే వినిపించాయి.

మిగతా ముగ్గురూ నిజంగానే బోల్తా పడ్డారు, అది నీ ప్రతిభే. కానీ ఎడిటరు నిజం రాస్తే ఒక సినిమా ఓడిపోయింది. నేను అబద్ధం రాశాను. డాక్టరమ్మకి చెబితే నీ బహుమతి వెనక్కి పోవచ్చు. చెప్పకపోతే ఆ వెనక వరసలో చప్పట్లు నన్ను వదలవు. ముందు నీకు చెబుతున్నాను. భారం నీ మీదకి తోస్తున్నానేమో, అదీ తెలుసు.

ఆ టీ దగ్గరి క్షమాపణ శ్రద్ధగా చదివే ఎవరికైనా అందేదేనా, నిన్ను ఎరిగినదాన్ని కాబట్టి నాకొక్కదానికే అందిందా? ఆ అధ్యాయం ఇప్పటికి ఆరుసార్లు చదివాను. ఆనాడు నోరు విప్పి నీ కథ పాడుచేశాను, ఈసారి మూసుకున్నాను, ఇదిగో మళ్లీ విప్పాను. ఈ మూడింటిలో నీకు మేలు చేసింది ఏదో నాకు ఇప్పటికీ తేలడం లేదు.