నా మీది పొగడ్త రద్దు చేయించవలెనని లెఫ్ట్ బ్యాకు మనవి

శ్రీయుత డివిజనల్ ఆఫీసరు గారి సముఖమునకు,

కావలి తాలూకా బోగోలు వాస్తవ్యుడు, శ్రీ వరుణ ఉప్పు కంపెనీ ఫుట్‌బాల్ జట్టులో లెఫ్ట్ బ్యాకు, గుర్రం హెబ్రోను వ్రాసుకొన్న అర్జీ.

మకాం: ఉప్పు కొటారు దిబ్బ. మే నెల, 1963.

అయ్యా,

విషయం: గత సంవత్సరము కప్పు బహూకరణ సభలో తమరు నన్ను గూర్చి సెలవిచ్చిన ఒక మంచి మాటను దయతో రద్దు పరచుట గురించి.

1. నేనెవరో తమకు జ్ఞాపకముండకపోవచ్చును. అది తమ తప్పు కాదు. గోలు కొట్టినవాడి మెడలో దండ పడుతుంది. గోలు ఆపేవాణ్ణి, ఆపలేకపోయిన రోజునే జనం గుర్తుపడతారు. నిరుడు నెల్లూరులో వేసవి కప్పు మా జట్టుకు ఇచ్చునప్పుడు, తమరు వరసలో చివర నిలబడిన పొడుగాటి మనిషి వీపు తట్టి, "ఇటువంటి ఆటగాణ్ణి కంపెనీవారు ఎట్టి పరిస్థితులలోను వదులుకోరాదు" అని మైకులో సెలవిచ్చితిరి. ఆ వీపు నాది. ఆ మాటకు నేను పొంగిపోయి, ఇంటికి పోయి మా అమ్మ ఎస్తేరమ్మకు రెండు మార్లు చెప్పుకొన్న సంగతి కూడా దాచను.

2. తమరు సభామర్యాద కొరకు అన్న ఆ మాటను మా మేనేజరు పద్మనాభయ్య గారు సర్కారు ఉత్తరువుగా స్వీకరించినారు. నేను రాజీనామా ఇచ్చిన ప్రతిసారీ "దొరగారు వదలొద్దన్నారు గదయ్యా, నేనేం చేసేది?" అని ఆ కాగితము తిరిగి నా జేబులోనే పెట్టుచున్నారు. ఆయన చెడ్డవారు కారు. నా మోకాలు వాచినప్పుడు ఆయనే నూనె కాయించి పంపుతారు. చెడ్డవారే అయితే పోట్లాడి అయినా బయటపడేవాణ్ణి. మంచివాళ్ళతో పోట్లాడటం నాకు చేతకాలేదు.

3. నా సర్వీసు గూర్చి: మిషను బడి మైదానంలో వట్టి కాళ్ళతో ఆట నేర్చినాను. మా నాయన తిమోతి ఆ బడికి గంట కొట్టేవాడు. ఆట ముగిసేదాకా ఆయన గంట కొట్టడం ఆలస్యం చేసేవాడని పిల్లకాయలకందరికీ తెలుసు, అయ్యవార్లకే తెలియదు. కంపెనీవారు నన్ను అక్కడే చూసి, పేరుకు గుమాస్తాగా చేర్చుకొన్నారు. నేటివరకు నా చేత ఒక ఉప్పు మూటకు కూడా చీటీ వ్రాయించలేదు. బూట్లు లేనిదే ఆడరాదని రూలు వచ్చినాక వేళ్ళు చితికి ఒక ఏడాది ఏడ్చినాను. తర్వాత అలవాటు పడినాను. నా పని ఒక్కటే. ఎదటివాడు వచ్చేటప్పుడు బంతిని చూడను, వాడి నడుము చూస్తాను. కాళ్ళు ఎన్ని వేషాలు వేసినా నడుము ఎటు తిరిగితే మనిషి అటే పోవలె. ఈ ఒక్క విద్యతో ఇన్నేళ్ళు నెట్టుకొచ్చినాను.

4. నా భార్య సామ్రాజ్యం మద్రాసులో ఒక ఆసుపత్రిలో నర్సు. పెళ్ళయిన మరుసటి నెలనే ఆమెకు ఆ ఉద్యోగం వచ్చింది. అప్పటినుండి మా కాపురం పండగకు ఒకసారి, జబ్బుకు ఒకసారి జరుగుచున్నది. ఇప్పుడు మద్రాసు జట్టు ఒకటి నన్ను రమ్మంటున్నది. ఉద్యోగము, ఉండేందుకు గది కూడా ఇస్తారట. అయితే అక్కడి లీగులో కొత్తగా చేరేవాళ్ళు మే నెలలోనే, స్వయముగా పోయి సంతకము చేయవలెను. నెల దాటితే మళ్ళీ ఏటికి. నా మోకాలు చూస్తే మళ్ళీ ఏటికి నన్ను పిలిచేవాళ్ళు ఉండరు.

5. ఈ ప్రాంతపు జట్లలో ఒక ఆచారము కలదు. కప్పు పోటీలకు ముందు మంచి ఆటగాళ్ళను ఎదటి జట్టువాళ్ళు లాక్కుపోకుండా దాచిపెడతారు. మమ్మల్ని ఉప్పుటేటికి అవతల ఉన్న ఈ దిబ్బమీద దాస్తారు. పూర్వము ఆట ఉన్న వారమే దాచేవారు. తమ మాట వచ్చినాక ఈ ఏడు మే నెల మొత్తము దాచుచున్నారు, అదీ నన్నొక్కణ్ణే. దీనికి విశ్రాంతి అని పేరు పెట్టినారు. వంట మనిషి మాలకొండమ్మ పూటకొక కూర చేసి, "తిను నాయనా, నీ కాళ్ళమీదే కంపెనీ నిలబడుండాది" అంటుంది. చుట్టూ తెల్లటి ఉప్పు కుప్పలు. ఎండకు వాటిని చూడలేక కళ్ళు మూసుకొని కూర్చొంటాను.

6. ఏరు ఈదుకొని పోవచ్చును గదా అని తమరు అనుకొనవచ్చును. ఈ ఏటి అంచు అంతా అడుసు. అందులో దిగబడి మోకాలు మెలిపడితే, మద్రాసువాళ్ళకు కుంటి బ్యాకు దేనికి? ఉన్నది ఒక్క పడవ. దానిని నడిపేది కామాక్షయ్య. అతనికి నా ఆటంటే ప్రాణం. అందుకే దాటించడు.

7. పోయిన ఆదివారం నా భార్య సెలవు పెట్టి వచ్చి, అవతలి గట్టున గొడుగు వేసుకొని నిలబడింది. మేనేజరు గారి ఉత్తరువు లేదని కామాక్షయ్య ఆమెను ఇటు తేలేదు, నన్ను అటు తీసుకుపోలేదు. ఏటికి అటూ ఇటూ నిలబడి అరుచుకొన్నాము.

"ఏమయ్యా, మోకాలెట్టుండాది?"

"తగ్గిందిమే! నువ్వు తిన్నావా?"

"నా తిండి సంగతి సరే! గది చూసినా! కిటికీ ఉండాది, కొళాయి ఉండాది! నువ్వెప్పుడొస్తావో చెప్పు!"

నేను కామాక్షయ్య వైపు చూసినాను. అతను తల దించుకొని పడవలోని నీళ్ళు తోడుతున్నాడు. ఆమె ఇంకొంచెము సేపు నిలబడి, గొడుగు ముడిచి, ఎండలోనే నడిచి వెళ్ళిపోయింది. అయ్యా, గొడుగు ఎందుకు ముడిచిందో నాకు తెలుసు. కోపమొస్తే ఆమెకు ఎండ తెలియదు.

8. ఫైనల్లో కావాలని చెడ్డగా ఆడి, తమ మాటకు నేను తగనని రుజువు చేద్దామని కూడా యోచించుచున్నాను. పెద్దల మాటను అబద్ధము చేయుట పాపమని ఎరుగుదును. వేరే దారి కనపడలేదు.

కావున తమరు దయయుంచి, "హెబ్రోనును పోనివ్వవచ్చును" అని ఒక్క ముక్క మేనేజరు గారికి వ్రాసి పంపవలెను. పొగిడిన నోటితోనే విడిపించిన పుణ్యము కూడా తమకే దక్కును. ఈ సంగతులన్నియు నెల దాటకముందే చిత్తగించవలెను.

తమ విధేయుడు, తమ మాటకు కట్టుబడి దిబ్బమీద ఉన్నవాడు,
గుర్రం హెబ్రోను

తా.క.: ఫైనలు నిన్న అయిపోయింది. తమరూ చూసినారు. ఈ కాగితం తమ చేతికే ఇద్దామని బనీను లోపల పెట్టుకొని ఆడినాను, అందుకే అక్షరాలు చెమటకు అలుక్కుపోయినాయి. ఆట చివర్లో వాళ్ళ ఫార్వర్డు ఒంటరిగా నా మీదికి వచ్చినాడు. వదిలేస్తే చాలు, నేను మద్రాసులో ఉండేవాణ్ణి. వాడి నడుము ఎడమకు తిరిగింది. నా కాలు నన్ను అడగలేదు దొరా. బంతిని ఆపేసింది. జనం కేకలు వేస్తుంటే నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో అనుకున్నారు.

సభలో తమరు మళ్ళీ నా వీపు తట్టి, మళ్ళీ ఆ మాటే అన్నారు. నేను నోరు తెరిచేలోగా కప్పు నా చేతుల్లో పెట్టినారు. రెండు చేతులూ దానికే సరిపోయినాయి, కాగితం తీసేదానికి చెయ్యి లేదు. అట్నే భుజాలమీద ఎత్తుకొని లారీలో వేసి, పడవలో దాటించి, నెలాఖరుదాకా విశ్రాంతి అని మళ్ళీ దిబ్బమీద దించినారు. సంతకాలకు ఎల్లుండి ఆఖరు.

ఇందాక ఈ కాగితం కామాక్షయ్యకు చదివి వినిపించినాను. "నువ్వు పోతే మన ఎడమ పక్క ఎవరుండారన్నా?" అన్నాడు. ఎవరూ లేరు, అది నాకూ తెలుసు. ఈ ముక్క వ్రాసి కాగితం మాత్రం అతని చేతిలోనే పెడతాను. తమకు ఇస్తాడో, ఏట్లో వేస్తాడో అతని ఇష్టం.

దొరా, ఇది తమరు చదువుతుండారంటే కామాక్షయ్య నన్ను వదిలిపెట్టినాడన్నమాట. ఇంక తమరొక్కరే మిగిలింది.