నాన్న ఆగిన చోటల్లా

అక్కకి,

చిన్నోడి నమస్కారాలు. ఇక్కడ నేనూ, నీ మరదలూ, పిల్లా బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, బావా, నాన్నా కులాసాయే కదా? దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గింది. ఒళ్లు మంట మాత్రం తగ్గలేదు, దానికి కారణం నువ్వే.

నాన్న చెప్పిన కబుర్లన్నీ పుస్తకం వేద్దామని టైపు చేసి పంపావు, సంతోషం. కానీ రెండు మాటలకో ఎంటర్ కొట్టడమేంటక్కా! మా ప్రెస్సులో మామూలు ఫైలుని పుస్తకం పేజీల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్‌కి ఒంటి ఎంటర్ అంటే లెక్కే లేదు. దాన్ని మింగేసి వరుసలన్నీ కలిపేస్తుంది. ఖాళీ వరుస వదిలితేనే కొత్త పేరా అనుకుంటుంది, పది వదిలినా దానికి ఒకటే. విరిచిన చోట విరిచినట్టే ఉండాలంటే ప్రతి వరుస చివరా గుర్తు పెట్టాలి. నీ ఫైల్లో రెండువేల పైచిలుకు వరుసలు! పైగా మేనేజరు ఒకటే గోల, "ఇంటి పనని నాన్చుతున్నావా? గురువారం మిషనెక్కాలి" అని.

నిన్న నీ ఉత్తరం అందింది. సరిచూడమని నేను పంపిన ప్రూఫు చదివి వినిపిస్తుంటే నాన్న చెయ్యి అడ్డం పెట్టి "ఇది... నేను... కాదు" అన్నాడని రాశావు. "పక్షవాతం వచ్చాక మధ్యమధ్యలో ఆగిపోతున్నాడురా. ఆగినప్పుడల్లా ఎంటర్ కొట్టాను. ఎందుకు కలిపావు?" అని అడిగావు. సాఫ్ట్‌వేర్ కలిపేసిందని సగం ఉత్తరం రాసి చించేశాను.

నిజం చెప్తాను, తిట్టకు. మొదటిసారి కలిపింది అదే. కానీ రెండువేల వరుసలని పైన మొత్తుకున్నానే, అది వట్టి సాకు. అన్నిటికీ ఒకేసారి గుర్తు పెట్టించొచ్చు, పది నిమిషాల పని. కలిసిపోయిన పేజీ చదివితే, సెలూన్లో కత్తెర ఆడిస్తూ గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మన పాత నాన్న వినిపించాడు. వదులుకోలేకపోయాను. అతుకులు కనబడకుండా కామాలు కూడా నేనే పెట్టాను. ఏడాదిగా సెలవు దొరకలేదంటున్నదీ సాకే. ఆయన మాట కోసం తడుముకోవడం చూడలేక రాలేదు. సిగ్గుగా ఉంది.

ఈ పొద్దున అన్నీ విడగొట్టాను. ముప్ఫై ఒకటో పేజీలో "చిన్నోడు" అని ఒక వరుస, తర్వాత ఆరు ఖాళీ వరుసలు, ఆ తర్వాత "వస్తాడు". ఆ ఆరూ చేత్తో పెట్టాను. "కాగితం దండగ, ఒకటి చాలదా?" అన్నాడు మేనేజరు. ఒక్కటి తీసినా ఊరుకోనన్నాను. నాన్న సరే అనేదాకా మిషనెక్కదని కూడా చెప్పేశాను. ఎగిరిపడ్డాడు, పడనీ.

ఆదివారం ప్రూఫు నేనే తెస్తున్నాను. ఆ ఆరు వరుసల సేపూ నువ్వు ఆయన ఎదురుగా కూర్చున్నావక్కా. నేను ఒక్కసారి కూడా కూర్చోలేదు.

ఇట్లు,
నీ తమ్ముడు