రెండో చరణంలో గొంతు

కువాలా సెలంగోర్,
ఆదివారం.

చి.ల.సౌ. దేవకికి,

నీ భర్త ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ నేను, పిల్లి, నువ్వు కుండీలో పెట్టి వెళ్ళిన కరివేపాకు మొక్క, అందరమూ క్షేమం. అక్కడ జార్జ్ టౌన్‌లో నువ్వు క్షేమమనీ, మీ అమ్మ మంచం దిగి కాస్తయినా నడుస్తున్నాదనీ తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. పెళ్ళయిన కొత్తలో నేను జొహోర్‌లో పని చేసినప్పుడు రాసుకున్నాం, మళ్ళీ ఇన్నాళ్ళకి. ఫోన్ ఉండగా నువ్వు ఉత్తరం ఎందుకు రాసినావా అనుకున్నాను. ఇప్పుడు నేనూ అదే పని చేస్తున్నాను. నువ్వు ఫోన్ ఎత్తితే స్పీకర్ పెడతావు, అత్త పక్కనే ఉండి వింటాది. ఇందులో ఉన్న సంగతి ఆవిడ చెవిన అలా పడకూడదు. చదివేటప్పుడు బయట వరండాలో కూర్చుని చదువు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబు చెప్తాను. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. వంట రోజూ చెయ్యడం లేదు, అబద్ధం ఎందుకు. పని నుంచి వచ్చినాక పొయ్యి ముందు నిలబడే ఓపిక ఉండడం లేదు. మూల మీద చీనావాడి కొట్టులో మీ-హూన్ సేమ్యా కట్టించుకుని వస్తాను, సగం నేను తింటాను, సగం పిల్లి తింటాది. వంటింట్లో కారే చోట రేకు మార్పించినాను. మిల్లులో గేటు దగ్గర డ్యూటీ పగటికి మార్చమని అడిగినాను. సూపర్‌వైజర్ "సూద్దాం లా అంకుల్" అన్నాడు. వాడు ఎప్పుడూ అదే అంటాడు.

పాటల పని ఎంతవరకు వచ్చిందని అడిగినావు. అయిపోయింది దేవకీ. అయిపోయింది అని రాస్తుంటే సంతోషం ఉండాలి కద, లేదు. ఒళ్ళంతా ఎవరో పిండేసినట్టు ఉంది.

నీకు తెలిసిందే అయినా మొదటి నుంచి చెప్పనీ, లేకపోతే చివరిది చెప్పలేను. మీ అన్న గంగయ్య బావ పోయినాక అతని ఫోన్ నువ్వే నా చేతిలో పెట్టినావు. అందులో ఉన్నవి అతను వంటింట్లో కూర్చుని, గిటార్ వాయించుకుంటూ పాడి పెట్టుకున్న సొంత పాటలు. వెనక ఫ్యాను చప్పుడు, ఒక చోట కుక్కర్ కూత. మన వెన్నెల ఆర్కెస్ట్రా పెళ్ళిళ్ళలో వాయించిన రోజుల్లో అతని సొంత పాట ఒక్కటైనా ఎవరైనా అడిగినారా? సినిమా పాటలే అడిగేవారు. తరవాత డీజేలు వచ్చినారు, మనల్ని పిలవడం మానేసినారు. రాజన్ కీబోర్డు మంచం కిందకి వెళ్ళింది, నా డ్రమ్ములు అమ్మేసినాం. బావ ఒక్కడే పాడుకుంటూ ఉండిపోయినాడు. సావు ఇంట్లో రాజన్, మణియం, నేను ముగ్గురం ఆ ఫోన్ చుట్టూ కూర్చుని విన్నాం. "ఇవి ఇలగ వదిలేస్తే పాపం రా" అని రాజన్ అన్నాడు. అలా మళ్ళీ కలిసినాం.

రాజన్ కూతురు సుమిత నీకు గుర్తుందా? క్లాంగ్‌లో వాళ్ళ ఇంటి వెనక గదిని స్టూడియోలా చేసుకుంది, ప్రకటనలకి రికార్డింగ్ చేస్తాది. ప్రతి ఆదివారం బస్సెక్కి అక్కడికి వెళ్ళేవాణ్ణి. మణియానికి వేళ్ళు వంగడం లేదు, బాస్ గిటార్ తీగ నొక్కితే ముఖం చిట్లిస్తాడు. రాజన్‌కి కన్ను ఆపరేషన్ అయింది, ఏది నొక్కుతున్నాడో తడుముకుంటాడు. నా మోకాళ్ళ సంగతి నీకు తెలిసిందే. అన్నిటికన్నా కష్టం ఏటంటే, బావ తాళం నిలకడగా ఉండదు. ఉత్సాహం వస్తే ముందుకు పరిగెడతాడు. అప్పట్లో అయితే తల తిప్పి నన్ను చూసేవాడు, నేనూ పరిగెత్తేవాణ్ణి. ఇప్పుడు ఎప్పుడు పరిగెడతాడో చెప్పేవాడు లేడు. వెనకబడతాను, మళ్ళీ మొదటి నుంచి. మధ్యాహ్నానికి ముగ్గురం తడిసిన గుడ్డల్లా ఉండేవాళ్ళం. "ముడియల డా", నా వల్ల కాదు రా, అని మణియం గిటార్ పక్కన పెట్టేసేవాడు. అయినా వచ్చే ఆదివారం మళ్ళీ వచ్చేవాడు.

పాటలన్నీ ఒక్కొక్కటీ అయినాయి. మీ అమ్మ మీద రాసిన పాట మిగిలింది.

ఆ పాటలో మొదటి చరణమే ఉంది. తెల్లారకముందు రబ్బరు తోటకి పోయిన మీ అమ్మ మీద:

చీకట్లో చెట్టుకి గాటు పెట్టింది
పొద్దెక్కి జుట్టులో పాల వాసన తెచ్చింది

ఆ తరవాత బావకి మాటలు దొరకలేదేమో, రెండో చరణం అంతా ఊరికే ఊఁ ఊఁ అని రాగం తీసి, చివర దగ్గి, ఆపేసినాడు. ఆ దగ్గు వినలేక మేం ఆ పాటని పక్కన పెట్టి పెట్టి చివరికి తెచ్చినాం. రెండో చరణానికి మాటలు తను రాస్తానని రాజన్ అన్నాడు. రాసినాడు. బాగానే రాసినాడు. పాడేది ఎవరు? మాలో ఎవరికీ గొంతు లేదు.

అప్పుడు సుమిత చెప్పింది. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతాది కానీ మాట కూడదీసుకోవాలి. "అంకుల్, ఇప్పుడు కంప్యూటర్ ఉంది లా. గంగయ్య అంకుల్ పాటలన్నీ దానికి ఇస్తే గొంతు నేర్సుకుంటది. మనం మాటలు ఇస్తే ఆ గొంతుతోనే పాడుతది" అన్నది. చేసి చూపించింది. దేవకీ, అది మీ అన్నే. ఊపిరి కూడా మీ అన్నదే. రాజన్ గోడకి తిరిగి ఏడ్చినాడు.

నీకు ఫోన్‌లో పంపింది ఆ పాటే. ఇదే నీకు ఇన్నాళ్ళూ చెప్పనిది. రెండో చరణం పాడింది బావ కాదు. ఆ మాటలు అతనివి కావు, ఆ గొంతు అతనిది కాదు.

నువ్వు ఇంత వరకు చదివి అనుకుంటావు, పోనీ, అది అంత పెద్ద తప్పా అని. నీ ఉత్తరం చివర రాసిన నాలుగు మాటలు లేకపోతే నేనూ అలాగే అనుకుందును. "అన్న పాట అమ్మకి రోజూ సాయంత్రం వినిపిస్తున్నాను. రెండో చరణంలో 'అమ్మా, నీ కొంగు పట్టి నడిచినాను' అన్న చోట ఆపమని, మళ్ళీ పెట్టమని అడుగుతున్నాది. వచ్చిన వాళ్ళందరికీ, నా కొడుకు ఆఖరికి నన్ను అమ్మా అన్నాడు అని చెప్పుకుంటున్నాది. అన్న ఎప్పుడు రాసినాడో మీకు ఏమైనా చెప్పినాడా అని అడగమన్నది" అని రాసినావు.

బావ మీ అమ్మని ఏనాడూ అమ్మా అని పిలవలేదు కద. ఎస్టేటు లైను ఇంట్లో మీ పిన్నులు, మావయ్యలు అందరూ అక్క కాబట్టి ఆవిడని అప్పా, అప్పా అని పిలుస్తుంటే, వాళ్ళ మధ్యన పెరిగిన ఆ మొదటి బిడ్డ కూడా అప్పా అనే నేర్చుకున్నాడు. పెళ్ళయి, తల నెరిసినా అదే పిలుపు. అతని పెళ్ళిలో తలంబ్రాల ముందు ఆవిడ "ఈ ఒక్క రోజైనా అమ్మా అను రా" అని అడిగింది, నేను పక్కనే ఉన్నాను. బావ నవ్వి, "నోరు తిరగదు అప్పా" అన్నాడు. అందరూ నవ్వినారు. ఆవిడా నవ్వింది. తరవాత వంటల దగ్గర నాతో, "నా కడుపున పుట్టినోడు నన్ను అక్కని సేసినాడు అల్లుడా" అన్నది. అప్పుడు నవ్వడం లేదు.

రాజన్‌కి ఈ సంగతి తెలీదు, పాటకి నప్పుతుందని అమ్మా అని రాసినాడు. నాకు తెలుసు. స్టూడియోలో ఆ మాట విన్నాను, బావ అలా అనడు అని గుండెలో ఒకటి గుచ్చుకుంది. ఆపండి అనాలి. అంటే మళ్ళీ మాటలు, మళ్ళీ వాదన, మళ్ళీ వచ్చే ఆదివారం బస్సు. అంత అలసట దేవకీ, ఇక చాలు అనిపించింది. బాగుంది అన్నాను. బాగుంది అని నీకు పంపినాను.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని క్లాంగ్ వెళ్ళినాను. వాళ్ళకి చదివి వినిపించి, అప్పా అన్న పిలుపు సంగతి చెప్పినాను. రాజన్ కుర్చీలోంచి లేచినాడు.

"ముందే సెప్పాల కద రా! నేను ఏటి, తెలిసి రాసినానా?"

"నువ్వు కాదు. నేనే."

"ఆ ముసలమ్మ సంతోషంగా ఉంది కద. వదిలెయ్ రా సుగు. ఇప్పుడు సెప్పి ఏటి సేస్తావు?"

మణియం మాత్రం గిటార్ తుడుచుకుంటూ, "అది అవన్ సొన్నదిల్లయే" అన్నాడు. వాడు అనలేదు కద అని.

సుమిత నా వంక చూసి, "అంకుల్, ఆ ఒక్క మాట మారుస్తాను. అమ్మా తీసి అప్పా పెడతాను. కష్టం లేదు లా" అన్నది. మంచి మనసుతోనే అన్నది. నాకు భయం వేసింది. ఏ మాట కావాలంటే ఆ మాట అతని నోట్లో పెట్టొచ్చు. రేపు నాకు బావ మీద బెంగ వస్తే, ఒరేయ్ సుగు అని పిలిపించుకోవచ్చు. పిలిపించుకుంటానేమో కూడా.

"వద్దమ్మా. వాడు పాడినంతే ఉంచు" అన్నాను.

రాజన్ తన చరణం రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తన మాటలు కొట్టేస్తున్నాం కద, బాధ ఉంటాది. చివరికి కీబోర్డు దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. రెండో చరణంలో బావ తీసిన రాగం ఎలా ఉందో అలా పెట్టినాం. దాని కింద ముగ్గురం గొంతు కలిపి ఊఁ ఊఁ అన్నాం, పెద్ద బాగా ఏం లేదు. చివర దగ్గు కొయ్యనా అని సుమిత అడిగింది. వద్దన్నాం. అది అయినాక ఎవరం లేవలేకపోయినాం. సుమిత తే తారిక్ టీ కలిపి తెచ్చింది, చల్లారిపోయే వరకూ అలాగే కూర్చున్నాం.

ఆ పాటని నేను ఫోన్‌లో పంపను. పై వారం బుధవారం బస్సుకి నేనే తీసుకుని వస్తున్నాను, మిల్లులో సెలవు అడిగినాను, ఇవ్వకపోయినా వస్తాను. అత్తకి నేనే చెప్తాను. నువ్వు నా తరఫున చెప్పొద్దు, మెత్తగా చేసి చెప్పొద్దు. ఆవిడ తిడితే తిట్టనీ. నాతో మాట్లాడకపోయినా మంచం పక్కనే కూర్చుంటాను. నీకు నా మీద ఎంత కోపం వస్తుందో నాకు తెలుసు, అది కూడా వచ్చినాకే చూపించు.

ఒక్కటి అడుగుతాను, తప్పయినా సరే. నేను వచ్చేవరకు సాయంత్రం ఆ పాట అడిగితే పెట్టు. ఆ మాట దగ్గర ఆపమంటే ఆపు, మళ్ళీ పెట్టమంటే మళ్ళీ పెట్టు. బుధవారం వరకు ఆవిడని అమ్మగా ఉండనీ.

ఇట్లు,
నీ మీద ఆశ పెట్టుకుని బయలుదేరుతున్న
నీ భర్త,
సుగుమారన్