మెడ మీది నలుపు

బందరు,
12-8-2003

గుడివాడ వదినగారికి,

అందరం క్షేమమని రాస్తే అబద్ధమవుతుంది కాబట్టి రాయడం లేదు. మీ గొలుసు తిరిగి పంపమని, పంపేముందు నీళ్ళలో మరగబెట్టమని మీ తమ్ముడికి ఫోన్ చేసి చెప్పారట.

మా హారిక మెడ వాచినప్పుడు "గవదబిళ్ళలేనమ్మా, మెడలో మేలిమి బంగారం పడితే అవే తగ్గుతాయి" అని మీ గొలుసు తీసి మీరే వేశారు. వాపు తగ్గలేదు సరికదా, గొలుసు కింద మెడ నల్లబడింది. ఆ నలుపు చూసి ఇది ఎయిడ్సేనని మా నాగాయలంకలో ఇంటింటికీ చెప్పి, మా ఇంట మంచినీళ్ళయినా ముట్టకుండా బస్సెక్కారు.

ఇక్కడి ఆసుపత్రిలో ఆ బిళ్ళలోంచి ముక్క తీసి పరీక్ష చేశారు. ఫంగస్ అట, రొట్టెకు పట్టే బూజులాంటిదే, లివరు దాకా పాకింది. ఎయిడ్స్ పరీక్షా చేశారు, లేదు. నిక్షేపంలా తిరిగే పిల్లకు ఇలా రావడమేమిటని పెద్ద డాక్టరుగారే ఆశ్చర్యపోయారు. మీకు మాత్రం చూడగానే తెలిసిపోయింది! మందు ఎక్కిస్తుంటే పిల్ల చలితో వణికిపోతోంది. అయినా వాపు కాస్త దిగింది.

ఆ నలుపు సంగతి కూడా డాక్టరుగారిని అడిగాను. స్పిరిట్ దూదితో ఒక్కసారి తుడిచారు, పోయింది. "పిల్లలకి గిల్టు నగలు వెయ్యకండమ్మా" అన్నారు.

గొలుసు మరగబెట్టలేదు వదినగారూ, ఉన్న పూత కూడా ఊడిపోతుందని. మీ తమ్ముడి చేతికిచ్చి పంపుతున్నాను. చిలకలపూడిలో మళ్ళీ పూత వేయించుకోండి. ఇంకెవరి పిల్లకైనా మెడ వాస్తే పనికొస్తుంది.

మీ మరదలు