పీల్చరాదు

మేనల్లుడికి,

ఎదురుగా నిలబడి చెప్పడం నాకు చేతకాదు, అందుకే రాస్తున్నాను. నా స్థానంలో మా అమ్మాయిని మీ గోదాములో పనికి పంపమన్నావు. పంపను.

ఆ గోదాములోని పీపాల్లో ఉండేది మందు కాదు, మందు చేసేటప్పుడు మధ్యలో వచ్చే సరుకు. అందులో ఫ్లోరిన్ ఉంటుందని, దానితోనే ఇన్‌ఫెక్షన్లు తగ్గించే మాత్రలు చేస్తారని నువ్వే చెప్పావు. చూడటానికి నీళ్లలాగే ఉంటుంది. ఒంటి మీద పడితే కాలుతుంది, ఆవిరి తగిలితే గొంతు పట్టేస్తుంది. ప్రతి పీపా మీదా "పీల్చరాదు" అని పెద్దక్షరాలతో రాసి ఉంది. నా పని మాత్రం ప్రతి మూత దగ్గరా వంగి, కారుతోందేమో వాసన చూడటం. కనిపెట్టే మిషన్ కొనమంటే, "నీ ముక్కుండగా మిషనెందుకు మామయ్యా" అన్నావు. అందరూ ముక్కు తాత అని పిలిచారు. నేనూ నవ్వాను.

ఇప్పుడు నాకు ఏ వాసనా తెలియదు. ఇక రాదని డాక్టరు చెప్పేశాడు. ఆ మాట నీ చెవిన వేస్తే, "పోనీలే, మరదలి ముక్కు నీకన్నా చురుకు, తనని రమ్మను" అన్నావు.

మొన్న వంటింట్లో గ్యాస్ కారుతుంటే, పక్కనే కూర్చుని అగ్గిపుల్ల తీశాను. అమ్మాయి వీధిలోంచే పసిగట్టి, పరుగున వచ్చి పెట్టె లాక్కుంది. "ఇంత వాసన తెలియలేదా నాన్నా" అని కిటికీలు తెరిచింది.

మా ఇంట్లో పనిచేసే ముక్కు అదొక్కటే మిగిలింది. అది మాకు కావాలి. నీకూ ఒకటుంది కదా నాయనా, పీపాల దగ్గర నువ్వే వంగు.

మామయ్య